బండల మీద బీచ్

హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. విశాఖపట్నానిది 17.7. భూమధ్యరేఖ నుంచి లెక్కేస్తే జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు కన్నా విశాఖ ఆర్కే బీచే కాస్త ఉత్తరాన ఉంది. డిసెంబరు 21 మధ్యాహ్నం రెండు ఊళ్లలోనూ సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాడు. రెండూ కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఉష్ణమండలపు ఊళ్లే. అయినా డిసెంబరు, జనవరి రాత్రుల్లో విశాఖలో పాదరసం మామూలుగా 18, 19 డిగ్రీల దగ్గర ఆగిపోతే, ఇక్కడ హైదరాబాద్‌లో 14, 15కి దిగుతుంది. కాబట్టి ఏడాది చివర జూబ్లీ హిల్స్‌లోనో ఫిల్మ్‌నగర్‌లోనో ఇంట్లో బీచ్ పార్టీ చేయాలనుకునే వాళ్లకు ఉష్ణమండలం కొదవ లేదు. లేనిది సముద్రమే.

సముద్రం లేకపోతే చలి ఎందుకు పెరుగుతుంది? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. కిలో గ్రానైటుకు 0.8 చాలు. పైగా ఎండ వేడి బండలో పై పొరకే పరిమితమైతే, నీటిలో అలల తిరగలి దాన్ని ఎన్నో మీటర్ల లోతుకు కలిపేస్తుంది. అందుకే జనవరిలో కూడా బంగాళాఖాతం పై నీరు మన తీరంలో 25 డిగ్రీల చుట్టుపక్కల ఉండి, రాత్రంతా ఒడ్డు గాలిని వెచ్చగా ఉంచుతుంది. ఇక్కడ దక్కను గుట్టలు పగలు తీసుకున్న వేడిని సాయంత్రం నుంచే పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తాయి. తేమ నిండిన గాలి అందులో కొంత భాగాన్ని తిరిగి నేల మీదికి పంపుతుంది. శీతాకాలపు పొడిగాలి ఆ పని సరిగా చేయలేదు. సూర్యలంక తీరం ఇక్కడికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరమంతా చలిగా మారి మన కిటికీల్లోంచి వస్తుంది.

మరి నాలుగు గోడల మధ్య తీరాన్ని కట్టగలమా? కట్టగలం. ఈ సినిమా పేట దశాబ్దాలుగా చేస్తున్న పనే అది. అక్కినేని నాగేశ్వరరావు బంజారా హిల్స్ బండల మీద అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టినప్పటి నుంచి, కృష్ణ పద్మాలయ, రామానాయుడు స్టూడియోల మీదుగా, ఇక్కడి ఆర్ట్ డైరెక్టర్లు, కెమెరామెన్లు, లైట్‌మెన్లు లేని చోట ఉన్నట్టు చూపించే విద్యలో ఆరితేరారు. ఆ విద్యలో ఉన్నదంతా భౌతికశాస్త్రమే. ఇసుక, కొబ్బరిచెట్టు, రంగు గొడుగు తెచ్చి గదిలో నింపితే తీరం కాదు. వెలుగు ఎటు నుంచి పడుతోంది, వేడి ఒంటిని ఎలా తాకుతోంది, చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొస్తోందా లేదా అన్న మూడు విషయాలను బట్టే మన ఒళ్లు తీరాన్ని గుర్తుపడుతుంది. ఈ మూడూ కుదిరితే గుప్పెడు ఇసుక కూడా అక్కర్లేదని నా నమ్మకం.

అసలు ఈ సరదా మొదలైంది కూడా ఒక సినిమా పేటలోనే. అమెరికాలో మద్య నిషేధం ఎత్తేసిన 1933లో ఎర్నెస్ట్ గాంట్ అనే యువకుడు హాలీవుడ్‌లో చిన్న బార్ తెరిచాడు. పసిఫిక్ దీవులు తిరిగి పోగుచేసిన వలలు, వెదురు సామాను, పడవ ముక్కలతో గోడలు నింపాడు. దక్షిణ సముద్రాల కథలు తీసే సినిమా కంపెనీలకు అదే సామాను అద్దెకు ఇచ్చేవాడు. తర్వాత తన పేరునే డాన్ బీచ్‌గా మార్చుకున్నాడు. బార్ రేకుల కప్పు మీద పైపుతో నీళ్లు వదిలి, బయట వాన కురుస్తోందని అతిథులు అనుకునేలా చేసేవాడని చెబుతారు. ఒక్క చప్పుడుతో ఊరి వాతావరణాన్నే మార్చేసిన ఆ ఉపాయం నాకు చాలా ఇష్టం. అక్కడి నుంచి ఆ అలవాటు మంచు దేశాల ఇళ్ల బేస్‌మెంట్లలోకి పాకింది. ఇప్పుడు సెలవులకు వచ్చే పిల్లల వెంట మన హాళ్లలోకీ వస్తోంది.

గోడ మీద గీత ఎక్కడ గీయాలి

పార్టీ అనగానే ముందు వచ్చేది సముద్రం ఫొటో ముద్రించిన పెద్ద ఫ్లెక్సీ. దాన్ని గోడకు ఎంత ఎత్తులో కట్టాలన్నది ఎవరూ పట్టించుకోరు. నీరూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కళ్లు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటే, భూమి వంపు వల్ల ఆ గీత దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అంత దూరంలో ఉన్నదాన్ని చూడటానికి కన్ను దించాల్సిన కోణం డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కూర్చుంటే గీత మనతో పాటు దిగుతుంది, లేస్తే లేస్తుంది. కాబట్టి అతిథులను చాపల మీద కూర్చోబెట్టే ఇంట్లో సముద్రపు గీత నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో రావాలి. కుర్చీలైతే నాలుగు అడుగులు. ఆరడుగుల ఎత్తున వేలాడే సముద్రం, ఎంత అందమైన ఫొటో అయినా, పోస్టరుగానే మిగులుతుంది.

రెండో చిక్కు రెండు కళ్లది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కుడికన్ను, ఎడమకన్ను కాస్త వేర్వేరు బొమ్మలు చూస్తాయి. మెదడు ఆ తేడాతోనే దూరం కొలుస్తుంది. తల కొంచెం కదిపినా దగ్గరివి ఎక్కువ జరుగుతాయి, దూరానివి కదలవు. పదడుగుల దూరంలో ఉన్న గోడ ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది. అన్నపూర్ణ స్టూడియోస్, క్యూబ్ సినిమా కలిసి నెలకొల్పిన ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్‌లో ఈ చిక్కును కంప్యూటరుతో విప్పుతారు. వంపు తిరిగిన భారీ ఎల్ఈడీ తెర మీద దృశ్యం వెలుగుతుంటుంది. కెమెరా కదిలినప్పుడల్లా దాని స్థానాన్ని గుర్తించి, వీడియో గేములు నడిపే సాఫ్ట్‌వేర్ ఆ కోణానికి తగ్గట్టు దృశ్యాన్ని తక్షణం మారుస్తుంది. అయితే ఆ లెక్క ఒక్క కెమెరా కంటికే సరిపోతుంది. ఇరవై మంది అతిథుల నలభై కళ్లకు ఏ తెరా ఒకేసారి సరిపోదు. ఇంట్లో దీనికి మందు, గోడ అంచులు, మూలలు కనబడకుండా చేయడం. ఆకుల గుబుర్లు, వేలాడే చీరలు, తడికెల మధ్య సందుల్లోంచి కొంచెం కొంచెంగా నీలం కనిపిస్తే, దూరం కొలవడానికి మెదడుకు ఆధారం దొరకదు.

ఒక సూర్యుడు చాలు

గదిని గదిగా పట్టిచ్చేది అన్నిటికన్నా ముందు నీడలే. హాల్లో ఆరు దీపాలు వెలిగితే ప్రతి మనిషికీ ఆరు నీడలు పడతాయి. తీరంలో ఒక్కటే నీడ. అంతేకాదు, దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. దీపానికి 2 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి మీద పడే వెలుగులో, 3 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి అందేది 44 శాతమే. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి బీచ్ ఈ చివర, ఆ చివర ఒకే వెలుగు. అందుకే షూటింగుల్లో ఎండ చూపించాల్సినప్పుడు ఒక పెద్ద లైటును వీలైనంత ఎత్తుకీ దూరానికీ తీసుకెళ్తారు. 10 మీటర్ల దూరంలో ఉంచిన లైటు, మీటరు అవతల మనిషికి కూడా 83 శాతం వెలుగిస్తుంది. ఇంట్లో అయితే దీపాన్ని గదిలో కాకుండా పక్క గదిలోనో వరండాలోనో పెట్టి, తలుపులోంచి ఏటవాలుగా వదలాలి.

ఇక రంగు. తీరపు వెలుగు ఒక రంగుది కాదు. ఎండ పడే చోట పసుపు, నీడలో నీలం. నీడలో ఉన్న ఇసుకకు సూర్యుడు కనిపించడు, ఆకాశం మాత్రమే కనిపిస్తుంది మరి. కెమెరామెన్ల కొలతలో మధ్యాహ్నపు ఎండ 5500 కెల్విన్ల దగ్గర ఉంటే, వట్టి నీలాకాశపు వెలుగు 10,000 దాటుతుంది. సాయంత్రపు ఎండ 3000 వైపు దిగుతుంది. ఇల్లంతా ‘వార్మ్ వైట్’ బల్బులు పెడితే హోటల్ అవుతుంది తప్ప బీచ్ అవదు. ఒక పక్క నుంచి పసుపు ఎండ, పైకప్పు మీద కొట్టించిన మసక నీలం, ఈ రెండూ కలవాలి. స్టూడియో ఫ్లోరులో రాత్రిని పుట్టించడం కూడా ఇలాంటి పనే. 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ పాటకు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెల గురించి మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రంగే లేని నలుపు తెలుపు ఫిల్ములో ఆయన వెన్నెలను కేవలం వెలుగు పడే దిశతో, దాని మెత్తదనంతో నమ్మించాడు.

మూడో వెలుగు కింది నుంచి వస్తుంది. పొడి ఇసుక తన మీద పడ్డ వెలుగులో సుమారు మూడో వంతు వెనక్కి కొడుతుంది. తీరంలో ముఖాలు ఎందుకంత బాగుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కళ్ల కింద, గడ్డం కింద నీడలు చెరిగిపోతాయి. షూటింగుల్లో ముఖం కింద తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకునేది ఇందుకే. నేల మీద లేత గోధుమరంగు దుప్పట్లు, ఈత చాపలు పరిస్తే ఆ పని జరిగిపోతుంది. తడి ఇసుక ముదురుగా కనిపించడం వెనక కూడా ఒక చక్కని సంగతుంది. రేణువుల మీది నీటిపొరలో చిక్కుకున్న వెలుగు బయటకు రాలేక, మళ్లీ మళ్లీ ఇసుకను తాకి కొంత కొంత ఇంకిపోతుంది. చాప అంచున ముదురు గోధుమరంగు గుడ్డ పరిస్తే కన్ను దాన్ని తడిసిన ఒడ్డుగా చదువుకుంటుంది.

నీటి మెరుపుల కోసం యంత్రాలు కొనక్కర్లేదు. వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల నీళ్లు పోసి, అడుగున అద్దం పెట్టి, దాని మీద టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే చాలు. నీటిని వేలితో తాకగానే పైకప్పు మీద మెరుపుల వల అల్లుకుంటుంది. ఎత్తుగా ఉబ్బిన ప్రతి అల ఒక కుంభాకార కటకంలా వెలుగును పోగుచేసి గీతగా మారుస్తుంది, పల్లం దాన్ని చెదరగొడుతుంది. సినిమాల్లో పడవ మీద కూర్చున్న నాయిక ముఖం మీద ఆడే వెలుగు చాలాసార్లు ఇలాంటి పళ్లెంలోంచి వచ్చిందే. పిల్లలున్న ఇంట్లో పార్టీ మొత్తానికి ఇదొక్కటే సరిపోతుంది.

మూడు టన్నుల ఇసుక

ఇంత చెప్పినా కొందరికి ఇసుక లేకుండా మనసొప్పదు. వాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. 16 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో నాలుగంగుళాల మందాన ఇసుక పరిస్తే దాదాపు 70 ఘనపుటడుగులు పడుతుంది. ఘనపుటడుగు పొడి ఇసుక సుమారు 45 కిలోలు. మొత్తం మూడు టన్నులు దాటింది. చదరపు మీటరుకు 160 కిలోలు. నివాస గృహాల స్లాబు మోయాల్సిన చర భారానికి భారతీయ ప్రమాణం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. తడి ఇసుకైతే ఆ హద్దును తనే అందుకుంటుంది. ఇక దాని మీద ఎగిరే ఇరవై మంది బరువు ఎక్కడికి పోతుంది? జనం గుమిగూడే హాళ్లకు అదే ప్రమాణం 4, 5 కిలోన్యూటన్లు అడగడానికి కారణం ఉంది. గెంతులు వేసే మనిషి నేల మీద మోపే బలం, నిలబడ్డప్పటి కన్నా ఎన్నో రెట్లు. కాబట్టి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఇసుక బీచ్ అన్న ఆలోచనే రానివ్వకూడదు. నేల మీద కట్టిన గది అయితే వేరే మాట.

ఏ ఇసుక అన్నది ఇంకో ప్రశ్న. ఊళ్లో తేలిగ్గా దొరికేది రోబో శాండ్. కంకర క్రషర్లలో గ్రానైటును పిండిచేసి తీసింది. కాంక్రీటుకు మంచిదే గానీ కాళ్లకు కాదు. నదిలో దొర్లిన రేణువుకుండే నునుపు దానికి లేదు. ప్రతి అంచూ పదును. పైగా దానిలో కంటికి కనిపించని స్ఫటిక సిలికా ధూళి ఉంటుంది. రోజూ రాళ్లు కొట్టేవాళ్లకు ఊపిరితిత్తుల్ని గట్టిపరిచే సిలికోసిస్ తెచ్చేది అదే. ఒక్క రాత్రికి ఆ జబ్బు రాదు గానీ, మూసిన గదిలో ఫ్యాన్ కింద ఆ ధూళి రేగితే ఉబ్బసం ఉన్న అతిథి నిలవలేడు. తీరం నుంచి ఇసుక తెద్దామంటే తీర పరిరక్షణ నిబంధనలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడం న్యాయమే కూడా.

నిజానికి తీరపు ఇసుకకు పుట్టిల్లు ఇలాంటి గుట్టలే. కేబీఆర్ పార్కులో, ఫిల్మ్‌నగర్ వెనక ఇంకా మిగిలిన బండలకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఉంటాయి. ఎండా వానా తగిలి ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది, గట్టి క్వార్ట్జ్ మాత్రం రేణువుగా మిగిలి వాగుల్లో పడుతుంది. ఇక్కడి వాన నీరు మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆనకట్టలు అడ్డు పడకముందు లక్షల ఏళ్ల పాటు ఈ దారి తెరిచే ఉంది. ఇళ్ల కోసం మనం పేల్చేస్తున్న ప్రతి బండా కాబోయే తీరమే. ఈ సంగతి తలచుకున్నప్పుడు, మిగిలిన కొద్ది గుట్టల్నైనా ఉంచుకోవాలని గట్టిగా అనిపిస్తుంది.

ఇసుక ముచ్చట తీరాలంటే బల్ల మీద పట్టే తొట్టి ఒకటి చాలు. కడిగి ఆరబెట్టిన నది ఇసుకలో కొద్దిగా నీళ్లు కలిపితే పిల్లలు గూళ్లు కడతారు. పొడి ఇసుక కుప్ప 34 డిగ్రీల వాలు దాటి నిలవదు. రేణువుల మధ్య చిన్న చిన్న నీటి వంతెనలు ఏర్పడితే వాటి తలతన్యత గోడను నిటారుగా నిలబెడుతుంది. పరిమాణంలో ఒక శాతం నీరున్నప్పుడే గూడు అన్నిటికన్నా గట్టిగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. నీళ్లు ఎక్కువైతే వంతెనలు కలిసిపోయి గోడ కూలుతుంది.

అతిథులే సముద్రపు గాలి

వేడి విషయంలో మన లెక్క మంచు దేశాల లెక్క కాదు. బయట 15 డిగ్రీలున్నా, పగటి ఎండ దాచుకున్న గోడల వల్ల హైదరాబాద్ ఇంటి లోపల సాయంత్రం సాధారణంగా 22, 24 ఉంటుంది. ఇంకో నాలుగైదు డిగ్రీలు చాలు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు 100 వాట్ల వేడి వదులుతుంది. ఇరవై మంది చేరితే 2 కిలోవాట్ల హీటరు వెలిగినట్టే. నాట్యం మొదలైతే అది రెండు మూడు రెట్లవుతుంది.

తేమ ఇంకా ఆసక్తికరం. 15 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 9 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలినే 28 డిగ్రీలకు వేడి చేస్తే సాపేక్ష తేమ 33 శాతానికి పడిపోతుంది. హీటరు వేసిన గదిలో పెదవులు ఎండిపోవడానికి కారణమిదే. తీరంలోలాగా 70 శాతం కావాలంటే ఘనపు మీటరుకు 19 గ్రాములుండాలి. ఇసుక లెక్క వేసిన ఆ హాలు పదడుగుల ఎత్తుదైతే 60 ఘనపు మీటర్లు. లోటు 600 గ్రాములు. అరలీటరు మీద ఇంకొంచెం నీళ్లు. కూర్చున్న మనిషి ఊపిరి, చర్మం కలిసి గంటకు సుమారు 50 గ్రాముల ఆవిరి వదులుతాయి. ఇరవై మంది గంటలో లీటరు నీళ్లు గాలిలో కలుపుతారు. యంత్రమేదీ లేకుండానే, తలుపులు మూస్తే ముప్పావుగంటలో హాలు విశాఖ అయిపోతుంది.

కానీ మూయకూడదు. ఆ ఊపిరిలోనే కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. మనిషికి గంటకు సుమారు 20 లీటర్లు. మూసిన 60 ఘనపు మీటర్ల గదిలో ఇరవై మంది గంటసేపుంటే దాని మోతాదు పది లక్షలకు ఆరు వేల భాగాలకు పైగా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 పైచిలుకే. వెయ్యి దాటితే గాలి మారడం లేదని అర్థం. నిద్రమత్తు, తలనొప్పి, ఒకరి జలుబు పదిమందికి అంటడం వరసగా వస్తాయి. మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి అందాలంటే ఆ హాల్లో గాలి గంటకు పన్నెండు సార్లు మారాలి. అలా మారితే ఆవిరి నిలవదు. సముద్రపు తేమ, మంచి గాలి రెండూ చిన్న గదిలో కలిసి రావు. ఎంచుకోవాల్సి వస్తే ఊపిరినే ఎంచుకోవాలి.

పెద్ద పెద్ద కృత్రిమ తీరాలు ఈ చిక్కును పరిమాణంతో దాటాయి. జర్మనీలో ఎగిరే ఓడల కోసం కట్టిన షెడ్డును 2004లో ‘ట్రాపికల్ ఐలండ్స్’గా మార్చారు. 360 మీటర్ల పొడవు, 107 మీటర్ల ఎత్తు. బయట మంచు కురుస్తున్నా లోపల 26 డిగ్రీలు. జపాన్‌లోని మియాజాకిలో 1993లో తెరిచిన ‘ఓషన్ డోమ్’ గాలిని 30 డిగ్రీల దగ్గర, నీటిని 28 దగ్గర నిలిపింది. ఇసుక బదులు 600 టన్నుల పాలరాతి పొడి పోశారు. అసలు సముద్రం దగ్గర్లోనే ఉంది. 2007లో అది మూతపడింది.

మనకు ఇంకో దారుంది. కిటికీలు తెరిచి, గాలిని చల్లగానే వదిలేసి, ఒంటిని మాత్రం వెచ్చబెట్టడం. శీతాకాలం పొద్దున ఎండలో నిలబడితే గాలి చల్లగా ఉన్నా వీపు వెచ్చబడుతుంది. సూర్యకాంతిలో దాదాపు సగం శక్తి కంటికి కనబడని పరారుణమే, అది గాలిని దాటి నేరుగా చర్మాన్ని తాకుతుంది. పాత టంగ్‌స్టన్ హాలోజన్ లైటు మీద సినిమా యూనిట్లకు ఉన్న ఫిర్యాదు అదే. వెయ్యి వాట్లలో వెలుగయ్యేది పదో వంతు లోపే, మిగతాదంతా వేడి. ఫ్లోరులో మేకప్ కరిగించిన ఆ లైటే ఇక్కడ వరం. పక్క గదిలోంచి వచ్చే మన ఒక్క సూర్యుడు టంగ్‌స్టన్ అయితే వెలుగూ, 3000 కెల్విన్ల పసుపూ, ఒంటి మీద ఎండా మూడూ ఒకేసారి దొరుకుతాయి. ఎల్ఈడీ కరెంటు మిగుల్చుతుంది గానీ వీపు వెచ్చబెట్టదు. జాగ్రత్త ఒక్కటే, కానీ పెద్దది. ఆ లైటు గాజు వేలు పెట్టలేనంత కాలుతుంది. థర్మాకోల్ కొబ్బరిచెట్టు 100 డిగ్రీల దగ్గరే మెత్తబడి, అంటుకుంటే నల్లటి పొగతో మండుతుంది. ఎండిన తాటాకూ అంతే. లైటు చుట్టూ రెండు మీటర్ల మేర ఏమీ ఉండకూడదు. వైరు 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టాలి.

గోడలు లేని చప్పుడు

అల చప్పుడు ఎక్కడిది? నీరు నీటికి కొట్టుకుంటే వచ్చేది కొంతే. విరిగే అల గాలిని మింగి కోట్ల బుడగలు చేస్తుంది, ప్రతి బుడగా పుట్టగానే గంటలా కంపిస్తుంది. డచ్ శాస్త్రవేత్త మినార్ట్ 1933లో దీని సూత్రం రాశాడు. మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు 3,300 సార్ల చొప్పున మోగుతుంది. పెద్దవి మంద్రంగా, చిన్నవి కీచుగా. అన్ని పౌనఃపున్యాలూ కలిసిన ఆ హోరును సినిమాలకు చప్పుళ్లు చేసే ఫోలీ కళాకారులు ఎండు గింజలతో పుట్టిస్తారు. వెడల్పాటి చాటలో కందులు పోసి నెమ్మదిగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దొర్లిస్తే అల వచ్చి వెనక్కి పోతుంది. బంగాళాఖాతంలో దూరం నుంచి వచ్చే అలలు సాధారణంగా 8 నుంచి 12 సెకన్లకొకటి ఒడ్డు చేరతాయి. చాట అంత నిదానంగా తిప్పాలి. తొందరపడితే అది చెరువు.

స్పీకర్లో ఎంత మంచి రికార్డింగు వేసినా జూబ్లీ హిల్స్ హాళ్లలో అది తేలిపోతుంది. కింద పాలరాయి, పైన సిమెంటు, పక్కన గాజు. అన్నీ చప్పుడును వెనక్కి కొట్టేవే. ఖాళీగా ఉన్న మన 60 ఘనపు మీటర్ల హాల్లో ఒక చప్పట్ల శబ్దం పూర్తిగా అణగడానికి మూడు సెకన్లు పట్టవచ్చు. తీరంలో ప్రతిధ్వని లేదు. వెళ్లిన శబ్దం వెళ్లినట్టే. కళ్లు మూసుకున్నా బయట ఉన్నామో లోపల ఉన్నామో మనకు తెలిసేది దీనివల్లే. చాపలు, మందపాటి పరదాలు, బొంతలు కట్టి ప్రతిధ్వనిని చంపాలి. అతిథులూ సాయపడతారు. మనుషుల బట్టలు, ఒళ్లు శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి, ఇరవై మంది చేరితే ఆ మూడు సెకన్లు ఒకటి లోపుకు దిగుతాయి.

చివరిది వాసన. ‘ఓషన్ బ్రీజ్’ అని అమ్మే కొవ్వొత్తుల్లో తరచూ ఉండేది కాలోన్ అనే రసాయనం. 1966లో ఫైజర్ కంపెనీ ప్రయోగశాలలో బయటపడింది. వాసన చూస్తే పుచ్చకాయ గుర్తొస్తుంది. అసలు సముద్రపు వాసనలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్. సముద్రంలోని సూక్ష్మ నాచులు తయారుచేసే ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. దాన్ని పుట్టించే జన్యువును ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో గుర్తించారు. ఆ అణువు మన వంటింట్లోనూ ఉంది. వేడెక్కిన మొక్కజొన్న గింజల్లోంచి వచ్చే ఆవిరిలో మనం గుర్తుపట్టే ఆ తీపి వాసన చాలావరకు డైమిథైల్ సల్ఫైడే. తెలుగువాళ్లకు బీచ్ అంటే మురీ మిక్చరు, బజ్జీలు, బొగ్గుల మీద కాలే మొక్కజొన్న పొత్తులు. వీటిలో మూడోది ఆ అణువునే తెస్తోంది గనక, కొవ్వొత్తి డబ్బులు పొత్తుల మీద పెట్టడం మేలు.

బొగ్గుల కుంపటి మాత్రం గదిలోకి రాకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. శీతాకాలం రాత్రి మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని పడుకున్న వాళ్లు తెల్లారి లేవకపోవడం మనం ఏటా పేపర్లలో చూస్తున్నదే. పొత్తులు మేడ మీద, ఆరుబయట కాల్చాలి. నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది రాసి, వేడి చల్లారకముందే కిందికి పంపాలి. చల్లారితే ఆవిరి ఆగిపోతుంది, దానితో పాటు వాసనా ఆగిపోతుంది.